మిరపకాయల రోజుల్లో పరుగు

మా పరుపుల కొట్టుకు వచ్చేవాళ్లలో కొందరు దిండ్ల బేరం తెగాక నా కాళ్ల వంక చూస్తారు. "మీరేనటగా రోజూ కాలవ కట్ట మీద పరిగెత్తేది, మాకూ నాలుగు ముక్కలు చెప్పండి" అంటారు. ఒకప్పుడు స్టూలు లాగి కూర్చోబెట్టి, టీ తెప్పించి మరీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత ఓపిక లేదు. "ముందు మంచి పరుపు మీద పడుకోండి, నిద్ర పడితే పరుగు దానంతటదే వస్తుంది" అని పంపించేస్తున్నాను. కొట్టుకు లాభం, నోటికి విశ్రాంతి.

పరిగెత్తి వచ్చాక ఉండే అలసట నాకు బాగా తెలుసు. స్నానం చేసి నాలుగు ఇడ్లీలు తింటే పోతుంది. పరిగెత్తకుండా కూర్చున్నా పోని అలసట ఒకటి ఉందని ఈ ఏడు తెలిసింది. మళ్లీ నేను పరిగెత్తగలనా లేదా అన్నది ఇప్పుడు నా చేతుల్లో లేదు. అందుకే ఇన్నేళ్లుగా అడిగినవాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాసిపెడుతున్నాను. ఇందులో గొప్ప రహస్యాలేమీ లేవు, ముందే చెబుతున్నాను.

మేము దూదేకుల వాళ్లం. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని గుంటూరు నుంచి నరసరావుపేట దాకా ఊరూరా నడిచేవాడు. మా నాన్న సైకిలు ఎక్కాడు. నేను కొట్టు పెట్టి గల్లాపెట్టె ముందు కూర్చున్నాను, షుగర్ వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నడక నాకు మొదట్నుంచీ విసుగు. ఎంతకీ ఇల్లు రాదు. త్వరగా ఇంటికి చేరదామని పరిగెత్తడం మొదలుపెట్టాను. నా పరుగుకు ఇంతకు మించిన ఆశయం ఏదీ లేదు.

నాతోపాటు పరిగెత్తేవాడు ఒక మిరప రైతు. బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకే మాస్టారి చేత తన్నులు తిన్నాం. నాకు షుగర్ వచ్చిన ఏడాదే వాడికి బొజ్జ వచ్చింది. ఇద్దరం తెల్లారకముందే సాగర్ కాలవ కట్ట ఎక్కి, ఎండ ముదిరేలోపు దిగేవాళ్లం.

మా మొదటి పరుగు పందెం తాడేపల్లి దగ్గర కృష్ణ కరకట్ట మీద. ఎప్పుడూ పత్తి బస్తాల ట్రాక్టర్ల పక్కన పరిగెత్తినవాళ్లం, ఆ మైకులూ ఆ రంగు బనీన్లూ చూసేసరికి మాకు పూనకం వచ్చింది. జెండా ఊపగానే దొంగను తరిమినట్టు ఉరికాం. సగం దూరం పోకముందే నేను ఒక తూము గట్టు మీద కూలబడ్డాను. చీర కట్టుకుని కాన్వాసు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ నన్ను దాటిపోతూ, "లే నాయనా, కూర్చుంటే పిక్కలు పట్టేస్తాయి" అంది. అన్నట్టే పట్టేశాయి. మొదట్లో మనకు కనిపించే బలం మనది కాదు, మైకుది. అది మైకు దగ్గరే ఆగిపోతుంది. మొదటి రెండు మైళ్లూ నలుగురూ మనల్ని దాటిపోతుంటే చూస్తూ ఊరుకోగలిగినవాడే చివరిదాకా వెళతాడు. ఇది చెప్పినంత తేలిక కాదు. నాకది ఒంటబట్టడానికి చాలా పందేలు పట్టింది.

మా అత్తగారికి నా పరుగంటే గిట్టదు. నేను బూట్లు వేసుకుంటుంటే చాలు, "పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అనేది. ఆవిడ ఎత్తిపొడుపుకు అన్నా, పందెంలో అది అక్షరాలా నిజం. దారిలో నీళ్ల బల్ల రాగానే కుర్రాళ్లు గ్లాసు లాక్కుని పరిగెడుతూ గొంతులో పోసుకుంటారు. సగం చొక్కా మీద, పావు వంతు ముక్కులోకి. పొలమారి దగ్గుతూ అర మైలు పాడు చేసుకుంటారు. నిలబడండి. రెండు గుక్కలు నిదానంగా తాగండి. కాస్త ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ దొరికితే అదీ తాగండి. మన ఎండకు ఉత్త నీళ్లు చాలవు. ఈ విషయంలో మా అత్తగారికి నేను రుణపడి ఉన్నాను గానీ, ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే ఇంకో సామెత ఎత్తుకుంటుంది.

బూట్లు సాయంత్రం పూట కొనండి. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుసుకుంటుంది, పాదం వాస్తుంది కాబట్టి. ఒక సైజు పెద్దదే తీసుకోండి, లేకపోతే బొటనవేలి గోరు నల్లబడి రాలిపోతుంది. నాకు ఒకసారి కాదు, లెక్క మర్చిపోయేన్నిసార్లు రాలింది. కొత్త బూట్లతో పందేనికి వెళ్లకండి. వాన పడిన మర్నాడు నల్లరేగడి చేలగట్ల వైపు అసలు పోవద్దు. నాలుగడుగులకు ఒక్కో బూటు కింద పిడకంత మట్టి పడుతుంది, కాళ్లీడ్చుకుంటూ ఇంటికి రావాలి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి. కిందికి వంగి రాయి తీస్తున్నట్టు నటించండి. రాయి ఉండక్కర్లేదు.

దారి పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు "ఇంకెంతో లేదండి, వచ్చేసింది" అంటారు. నమ్మకండి. పాపం, వాళ్లు మంచికే అంటారు. కానీ వాళ్లకు ఎంతో లేనిది మన కాళ్లకు చాలా ఉంటుంది.

ఇంకొకటి ఉంది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. మావాడు, అదే ఆ మిరప రైతు, ఒకసారి పందేనికి ముందు రోజు సాయంత్రం దాకా కల్లంలో ఉన్నాడు. కోసిన మిరపకాయల్ని ఆరబోసి, తాలుకాయల్ని వేరుచేసే చోటును మేము కల్లం అంటాం. రంగు పోయి తెల్లబడిన కాయలే తాలు. రోజంతా కూలీలతో కూర్చుని తాలు ఏరాడు. సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు. తెల్లారి పందెం దగ్గర, తొడలు ఒరుసుకోకుండా వాజలైను పూసుకోవాలని నేను చెప్పిన మాట గుర్తొచ్చి, రెండు తొడల లోపలివైపూ చంకల్లోనూ దట్టంగా పూసుకున్నాడు. మిరప ఘాటు సబ్బుకు పోదు. చేతి గీతల్లో దాక్కుని, జిడ్డు తగలగానే బయటికొస్తుంది. పందెం మొదలై కాస్త చెమట పట్టిందో లేదో వాడి ముఖం మారిపోయింది. కాళ్లు ఎడంగా పెట్టుకుని పరిగెత్తడం చూసి జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు వాడు జీవితంలోకెల్లా వేగంగా పరిగెత్తాడు. కాలవలో కూర్చోవాలన్న ఆత్రం తప్ప అందులో వేరే సాధన ఏమీ లేదు. కల్లం పని చేసిన చేతులకు ముందు కొబ్బరి నూనె పట్టించి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే సబ్బు వాడాలి. లేదా వాజలైను ఇంకొకరి చేత పూయించుకోవాలి. అది కుదిరే పని కాదనుకోండి.

అన్నిటికన్నా పనికొచ్చే సూత్రం మాత్రం ఇది. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అదే మీ వేగం. మాట తెగిపోతోందంటే మీరు ఎక్కువ వేగంగా పోతున్నారని అర్థం. మా ఇద్దరికీ ఇది బాగా కుదిరింది. వాడు వాగుడుకాయ. మిరప రేటు, పక్క చేను వాడి గట్టు తగాదా, బావమరిది రాజకీయం, ఏదో ఒకటి ఎత్తుకుంటాడు. నేను ప్రతిదానికీ అడ్డు చెబుతాను. కట్ట మీద మా అరుపులు విని గొర్రెల కాపరులు మేము కొట్టుకుంటున్నామని చాలాసార్లు అనుకున్నారు. మా పోట్లాట సాగుతోందంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. చేతి గడియారాలూ ఫోన్లూ మాకు అవసరం పడలేదు.

ఈ ఏడు మిరపకాయలు కల్లాల్లోకి వచ్చిన రోజుల్లోనే రంజాన్ నెల కూడా వచ్చింది. ఉపవాసం రోజుల్లో నా పరుగు వేళ మారుతుంది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు కాస్త ముందు బయల్దేరి, మెల్లగా తిరిగొచ్చి, కాళ్లు కడుక్కునేసరికి మసీదు నుంచి బాంగు వినపడుతుంది. ఖర్జూరం, నీళ్లు చేతికొస్తాయి. ఏళ్లుగా అలవాటైన పద్ధతే. ఈసారి మాత్రం కట్ట ఎక్కే ఏటవాలు దగ్గరే ఛాతీ మధ్యలో మంట మొదలయ్యేది.

మా ప్రాంతంలో గుండెల్లో మంటంటే ఎవరూ గుండెను అనుమానించరు. కారాన్ని అనుమానిస్తారు. ఆ రోజుల్లో కట్ట వారంతా టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయలే. గాలి అటు తిరిగితే ఊరు ఊరంతా దగ్గుతుంది. ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేస్తారు. ప్రతి ఏడూ రెండు నెలలు నాకు గొంతు మండేదే. కాబట్టి మిరప ఘాటు అనుకున్నాను. అది కాకపోతే కొట్టులో ముప్ఫై ఏళ్లుగా పీల్చిన దూది నుసి అనుకున్నాను. ఒంట్లో నీరసాన్ని ఉపవాసం ఖాతాలో వేశాను. మెడికల్ షాపులో గ్యాసు మాత్రలు కొనుక్కుని తెల్లారకముందు సహరి తినే వేళ ఒకటి వేసుకునేవాణ్ణి. నా దగ్గర కారణాలకు కొదవ లేదు.

ఒక్క సంగతి గమనించి ఉండాల్సింది. మిరప మంట ఇంటిదాకా వెంట వస్తుంది. స్నానం చేసినా, అన్నం తిన్నా వదలదు. ఈ మంట పరిగెత్తితే వచ్చేది, నిలబడగానే పోయేది. అది పోవడం చూసి నేను సంతోషించేవాణ్ణి. చూశావా, ఏమీ లేదు అనుకుని మళ్లీ పరిగెత్తేవాణ్ణి.

ఒక సాయంత్రం మావాడు పక్కన పరిగెడుతూ ఏదో చెబుతున్నాడు. వాడికి ఉపవాసం లేకపోయినా నాకోసం ఆ నెలంతా సాయంత్రాలే వచ్చేవాడు. ఉన్నట్టుండి ఆగిపోయి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏరా, ఇప్పటిదాకా నేను చెప్పిందేంటో చెప్పు" అన్నాడు.

నాకు తెలియలేదు. మంట అడ్డుపడకుండా ఊపిరి చూసుకుని తీసుకునే పనిలో ఉన్నాను.

"మీ కొట్టులో దిండ్లు బండరాళ్లలా ఉన్నాయి, మా ఇంట్లో కుక్క కూడా వాటి మీద పడుకోవట్లేదు అన్నాను. దానికి నువ్వేమన్నావో తెలుసా? ఊ అన్నావు."

"విని ఉండనురా."

"వారం నుంచి చూస్తున్నా. నేను వాగుతుంటే నువ్వు కథ వినే పిల్లాడిలా ఊ కొడుతున్నావు. నీ దిండ్లనంటే ఊరుకునే రకమా నువ్వు? ఏమైందిరా నీకు?"

కాస్త మంటగా ఉంటోంది, కాయల ఘాటు అన్నాను.

"ఒరేయ్, నేను పుట్టిందే కల్లంలో. నాకు లేని ఘాటు నీకెక్కడిది? రేపే డాక్టరు దగ్గరికి పో."

"పండగ వెళ్లనియ్యరా."

"పండక్కి సేమ్యా తినడానికి నువ్వుండాలిగా" అన్నాడు. అని, తనే బెదిరిపోయి ముఖం కాలవ వైపు తిప్పుకున్నాడు.

ఆ రోజు తిరుగు దారంతా నడిచే వచ్చాం. వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు ఉపవాసం పెట్టలేదు. మా ఆవిడా నేనూ గుంటూరు బస్సెక్కి, బస్టాండు నుంచి ఆటోలో బ్రాడీపేటలో ఒక గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాం. మావాడు కాయలు మిర్చి యార్డుకు వేసే రోజు, రాలేకపోయాడు. మధ్యలో రెండుసార్లు ఫోను చేశాడు. క్లినిక్‌లో పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగానే ఉందన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చొక్కా వేసుకోబోతుంటే డాక్టరు, "పడుకుంటే బాగానే ఉంటుందండి. మీకు పరిగెత్తినప్పుడు వస్తోందంటున్నారు కదా, పరిగెత్తించి చూద్దాం" అన్నాడు.

మా ఆవిడ ముఖం వికసించింది. "అదెంత పని ఆయనకి" అంది. నన్ను లోపలికి పంపి, బయట బల్ల మీద కూర్చుంటూ పక్కనున్నావిడతో, "ఆ మిషనే అలసిపోవాలి గానీ మా ఆయన అలసిపోరండి" అనడం నాకు వినపడింది.

లోపల ఒక అమ్మాయి నా ఛాతీ మీద వెంట్రుకలు గీసి, వైర్లు అతికించింది. కాళ్ల కింద పట్టీ కదిలే మిషను ఎక్కించింది. ఎదురుగా ఉత్త గోడ. ఎంత పరిగెత్తినా దగ్గరికి రాని గోడ.

"నొప్పి గానీ మంట గానీ వస్తే నోటితో చెప్పాలి సార్, దాచుకోవద్దు" అంది ఆ అమ్మాయి. "రన్నింగ్ చేసేవాళ్లు చెప్పరు. వాళ్లతోనే మాకు కష్టం."

నవ్వి తలూపాను. పట్టీ మొదట నడకలా కదిలింది. తర్వాత ముందువైపు కాస్త పైకి లేచింది, వేగం పెరిగింది. మళ్లీ లేచింది. అచ్చం కట్ట ఎక్కే ఏటవాలులాగే ఉంది. మంట వచ్చింది. చెప్పిన టైముకు వచ్చే చుట్టంలా వచ్చి ఛాతీ మధ్యలో కూర్చుంది. అక్కడ మిరపకాయలు లేవు, దూది లేదు, ఉపవాసం లేదు. ఏసీ గదిలో మందుల వాసన తప్ప ఏమీ లేదు.

అప్పుడు నా బుర్రలో నడిచింది ఉన్నదున్నట్టు చెబుతాను. నోరు మెదపకుండా ఇంకాస్త లాగితే పరీక్ష అయిపోతుంది. అంతా బాగుందని కాగితం ఇస్తారు. వచ్చే చలికాలం మళ్లీ కరకట్ట మీద పందెం. దాచడం నాకు చేతకాని పని కాదు. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న విద్యంతా అదే. ఎదురుగా కరెంటు స్తంభం చూపించి కాళ్లకు అక్కడిదాకా అని చెప్పడం, అది రాగానే ఇంకో స్తంభం చూపించడం. ఇక చాలు అనే మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేయడం. నలుగురికీ నేర్పింది కూడా ఇదే. బూట్లూ మజ్జిగా అన్నీ దాని తర్వాతే.

ఆ గోడ మీద స్తంభాలు లేవు. పట్టీ ఇంకోసారి పైకి లేచింది. మంట ఎడమ భుజంలోకి పాకింది. నాకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. యాభై దాటినవాణ్ణి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చెమటలో కలిసిపోయాయి కాబట్టి ఆ అమ్మాయికి తెలిసి ఉండదు.

"ఆపండమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి వెంటనే ఏదో నొక్కింది. పట్టీ నెమ్మదించింది. నన్ను మంచం మీద పడుకోబెట్టి నాలుక కింద మాత్ర పెట్టారు. డాక్టరు వచ్చి, మిషనులోంచి వచ్చిన పొడుగాటి కాగితాన్ని చివరిదాకా చూశాడు. తర్వాత మంచం అంచున కూర్చుని, గుండెకు రక్తం వెళ్లే దారి ఎక్కడో ఇరుకైనట్టుందని, గొట్టం పంపి చూస్తే గానీ ఎంతన్నది తెలియదని, ఆలస్యం చేయకుండా ఆ పరీక్ష చేయించుకోమని చెప్పాడు. అప్పటిదాకా పరుగు మాట ఎత్తొద్దన్నాడు.

"తర్వాత పరిగెత్తొచ్చా?" అని అడిగాను.

"తర్వాత సంగతి తర్వాత చూద్దామండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాను. మా ఆవిడ బల్ల మీద చెప్పులు విడిచి, కాళ్లు ముడుచుకుని, పక్కనున్నావిడతో కబుర్లలో ఉంది. నన్ను చూసి, "అప్పుడే అయిపోయిందా? ఇంకా చాలాసేపు పరిగెత్తిస్తారనుకున్నానే" అంది.

"మధ్యలో ఆపేశారు."

"మిషను పాడైందా?"

"లేదు. నేనే ఆపమన్నాను."

ఆమె నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి. గోళ్లు రాలిపోయినా, కాళ్లు బొబ్బలెక్కినా, జ్వరంతో పందేనికి వెళ్లి వచ్చినా నా నోట ఆమె ఎన్నడూ వినని మాట అది. లేచి, చెప్పులు వేసుకోకుండానే నా దగ్గరికి వచ్చింది. గుండీ పెట్టుకుంటున్న నా చెయ్యి పక్కకు తీసి, తనే పెట్టింది.

"అంత నొప్పిగా ఉందా?" అని అడిగింది.

ఉందన్నాను.